నెల ముందే మోగిన పలక

తొమ్మిదో వారం

పోయిన వారం కోమలిని తిరుపతి బస్టాండులో, చిత్తూరు బస్సు మెట్ల మీద, ఒక కాలు పైన ఒక కాలు కింద ఉండగా వదిలేశాం. ఆడపిల్లను వారం రోజులు అలా నిలబెడతారా అని నామీద కోపగించుకున్న పాఠకులున్నారు. న్యాయమైన కోపమే. అయితే ఆ సమయంలో కోమలికి వచ్చిన కోపం ముందు మీదేపాటిది!

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కోమలి సినిమాలకు కథలు రాస్తుంది. శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టలమ్మే ఇంట్లో పుట్టిన ఇలియాస్ అనే ఇంజినీరు ఫోనులో ఆడుకునే ఆట ఒకటి తయారుచేశాడు. పేరు ‘ఏడు వేషాలు’. ఒక ఊళ్ళో గంగమ్మ జాతర. ఏడు రోజులు ఎవరూ పొలిమేర దాటకూడదు. ఊరిని పీడించే పాలెగాడు ఆ జనంలోనే ఎక్కడో దాక్కుని ఉంటాడు. ఒక పిల్ల రోజుకొక వేషం కట్టి వాణ్ణి వెతికి పట్టుకోవాలి. తుపాకులు లేవు, పేలుళ్ళు లేవు, ఓపిక ఒక్కటే ఆయుధం. లక్షలమంది ఆడారు. ఆ ఆటను సినిమాగా తీసే హక్కులు పోయిపోయి రాజారత్నం అనే దర్శకుడి చేతిలో పడ్డాయి. స్క్రిప్టు రాసే పని కోమలికి వచ్చింది. షూటింగు కోమలి సొంత ఊరు దిగువమిట్టలోనే. ఊరి పెద్దల కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని ఒప్పించిందీ ఆమే.

పోయిన వారం చివర్లో ఆమె బస్సు ఎక్కబోతుంటే మేనత్త అక్కమ్మ ఫోను చేసింది.

“మేయ్ కోమలీ! ఊర్లో చాటింపేసినారు. నీ పేరు సెప్పి ఏసినారు. నువ్వు ముందు ఈడికి రా.”

అంతే, పెట్టేసింది. అక్కమ్మ ఫోనులో అయిదు నిమిషాల కన్నా తక్కువ మాట్లాడటం కోమలి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

చంద్రగిరి దాటేలోపు ఆమె రాజారత్నానికి పదకొండుసార్లు ఫోను చేసింది. ఆయన ఫోనుకి చేస్తే గంట మోగదు, ఆయన సినిమాలోని డైలాగే వినిపిస్తుంది. “నేను ఓడిపోను... రీస్టార్ట్ అవుతాను!” అని హీరో పదకొండుసార్లు అరిచాడు. పన్నెండోసారి చేయడానికి కోమలికి మనసొప్పలేదు.

రాజారత్నం గురించి తెలియనివాళ్ళు రెండే రకాలు. ఫోను లేనివాళ్ళు, అదృష్టవంతులు. ఆటల్ని సినిమాలుగా తీయడం ఆయన వృత్తి. అవి ఎవరూ పూర్తిగా చూడలేకుండా తీయడం ఆయన ప్రత్యేకత. మొదట ట్రాక్టర్ల పందెం ఆటను తీశాడు. రెండున్నర గంటలూ తెర మూలన డీజిలు ముల్లు చూపించాడు. జనం కథ వదిలేసి డీజిలు ఎప్పుడైపోతుందా అని చూశారు. రెండోది కూరగాయలు తరిగే ఆట. అందులో హీరో బూడిదగుమ్మడికాయతో మల్లయుద్ధం చేశాడు. మూడోదాని గురించి నేను చెప్పను, ఇది కుటుంబాలు చదివే పత్రిక. ఇక దయచేసి సినిమాలు మానేయమని నలభైవేలమంది సంతకాలు పెట్టి ఆయనకు అర్జీ పంపితే, దానికి ఫ్రేము కట్టించి ఆఫీసులో తగిలించుకున్నాడు. “నలభైవేలమంది నా పేరు తప్పుల్లేకుండా రాశారమ్మా. ఎంతమందికి దక్కుతుంది?” అన్నాడు కోమలితో మొదటి రోజే. ఆ రోజే పారిపోవాల్సిందని ఆమెకు ఇప్పుడు అనిపిస్తోంది.

అన్నిటికన్నా ఆమె ఒళ్ళు మండించింది వేరే ఉంది. ఆ మనిషి స్క్రిప్టు చదవడు. ఆరు నెలల్లో కోమలి పదకొండు ప్రతులు రాసింది. పదకొండిటి అట్ట మీదా ఆయన ఎర్రసిరాతో రాసింది ఒక్కటే మాట. “హెలికాప్టర్?” లోపలి పేజీలు ఇస్త్రీ చేసిన బట్టల్లా అలాగే మడత నలగకుండా తిరిగొచ్చేవి. ఇక సినిమా పేర్లలో ‘కథ, మాటలు, దర్శకత్వం: రాజారత్నం’ అని ఎవరు రాసినా సరే ఆయన పేరే పడుతుంది. ఇంతకుముందు రాసినవాళ్ళు ముగ్గురూ ఆ దెబ్బకు సినిమాలు మానేశారు. ఒకాయన పలమనేరులో నర్సరీ పెట్టుకున్నాడు. కోమలి మాత్రం తెలివిగా ఒప్పందంలో ఒక షరతు రాయించుకుంది. స్క్రిప్టులో ప్రతి పేజీ నెత్తిన ‘రచన: కోమలి’ అని అచ్చు కావాల్సిందే. అది గెలిచిన రోజు ఇంటికి పాలకోవా తెచ్చుకుని తింది.

చిత్తూరులో దిగి ఆటో ఎక్కాక ఆమెకు అసలు భయం మొదలైంది.

చాటింపు అంటే బయటివాళ్ళకు ఒక డప్పు, నాలుగు కేకలు. దిగువమిట్టలో అది అలా కాదు. ఏటా ఆడి నెలలో, అంటే జూలై సగం దాటి మామిడికోతలు పూర్తయ్యాక, ఒక మంగళవారం గంగమ్మ పలక అనే తోలుడప్పు మోగుతుంది. పలక వాయించే చెంగల్రాయుడు నాలుగు పొలిమేరల దగ్గరా నిలబడి కొన్ని మాటలు పలుకుతాడు. ఆ మాటలేమిటో నేను ఇక్కడ రాయను, నాకూ ఒక ఊరుంది. అవి పలికాక ఏడు రోజులకు జాతర జరిగి తీరాలి. అప్పటిదాకా ఊరివాళ్ళెవరూ పొలిమేర అవతల నిద్ర చేయకూడదు. ఎక్కడున్నా పొద్దుగూకేసరికి రావాలి.

ఇప్పుడు జూన్ నెల. తోతాపురి మామిడి కోత నడిమధ్య. ఊళ్ళో సగంమంది మగవాళ్ళు బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు కాయల ట్రాక్టర్లు వరసలో పెట్టుకుని, రెండేసి రోజులు అక్కడే పడుకుంటున్నారు.

అందుకే కోమలి స్క్రిప్టులో చాటింపు సన్నివేశానికి తానే సొంతంగా మాటలు అల్లింది. వినడానికి గంభీరంగా ఉంటాయి, ఏ దేవతకూ తగలవు. పక్కనే గమనిక కూడా పెట్టింది. “ఇక్కడ అసలు మాటలు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. వాడితే ఊరు జాతర చేయాల్సి వస్తుంది. ఇది షూటింగని గంగమ్మకు తెలియదు.”

ఆటో పొలిమేర రాయి దగ్గర ఆగేసరికి ఎదురుగా పెద్ద గొడుగు. గొడుగు కింద రాజారత్నం. తోతాపురి ముక్కలకు ఉప్పూకారం అద్దుకుని తింటూ, టీవీ తెరలో తాను తీసినది తానే చూసుకుని మురిసిపోతున్నాడు.

“రావమ్మా రైటరమ్మా! సరిగ్గా టైముకొచ్చావు. చూడు, చూడు. నా జీవితంలో ఇంత మంచి షాటు తీయలేదు.”

ఆ మాట నిజమే కావడం కోమలికి ఇంకా మంటెత్తించింది. తెర మీద చెంగల్రాయుడు తాత. డెబ్బై దాటిన మనిషి, ఒంటి మీద పసుపు పంచె, చంకన పలక. చేతిలో కాగితం పట్టుకుని, కళ్ళద్దాలు ముక్కు చివరకు జార్చుకుని, ఆ మాటలు చెబుతున్నాడు. అసలు మాటలు. ఒక్కటీ పొల్లుపోకుండా.

“సార్, నేను రాసిన మాటలేవి?”

“బాగున్నాయమ్మా. చాలా బాగున్నాయి. అందుకే తీసేశాను. మరీ రాసినట్టున్నాయి.”

“రాస్తే రాసినట్టు కాక వండినట్టుంటాయా? పక్కన గమనిక పెట్టాను కదా సార్. ఒక్క గమనిక. మూడు వాక్యాలు. అదైనా చదవొచ్చు కదా!”

“చదివాను.”

కోమలి తప్పుగా విన్నానేమోనని ఇంకో అడుగు దగ్గరికి వేసింది.

“నిజంగా చదివానమ్మా. నువ్వు రాసినదాంట్లో నేను మొదటి నుంచి చివరిదాకా చదివింది అదొక్కటే. రెండుసార్లు చదివాను. అద్భుతం!” రాజారత్నం చేతులు తుడుచుకుని ఆమె వైపు కుర్చీ తిప్పాడు. “ప్రొడ్యూసరు ఏమన్నాడో తెలుసా? జాతర సీనుకి రెండువేలమంది జనం, ఏడు రోజులు, వేషాలు... కుదరదు, యాభైమందితో కానిచ్చేయమన్నాడు. యాభైమందితో జాతరేంటి, అది బస్టాపు! అప్పుడు నీ గమనిక కనబడింది. వాడితే ఊరు జాతర చేయాల్సి వస్తుంది. ఆహా! నువ్వు వద్దని రాశావు కానీ, అందులో ఎలా చేయాలో చెప్పావు. అసలు మాటలు నిరుడు ఎవరో ఫోనులో తీసిన జాతర వీడియోలో దొరికాయి. ఊరే జాతర చేస్తుంది, మనం మూల నిలబడి తీసుకుంటాం.”

ఇన్నాళ్ళూ ఆయన ఏమీ చదవడన్నదే కోమలి బాధ. చదివితే ఇలా ఉంటుందని తెలియక ఆరు నెలలు ఆ మనిషిని చదవమని బతిమాలింది. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ రానివ్వలేదు.

“సార్, వాళ్ళు కాయలు కోసుకుంటున్నారు. ఇప్పుడు వదిలేస్తే చెట్టు మీదే మాగి రాలిపోతాయి.”

“రాలనీ. రాలుతున్నప్పుడు పైనుంచి డ్రోన్‌తో తీద్దాం.”

“జాతరకు ఏడు రోజులూ గంగమ్మ వేషం కట్టాల్సింది మా అన్న. మా ఇంట్లో మగవాళ్ళే కట్టాలి. మా నాయన తర్వాత వాడొక్కడే. మూడు వారాల కిందట మామిడిచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించాం. ఇంకో నెల కాలు కింద పెట్టకూడదు. పెడితే జన్మంతా కుంటుతాడని చెప్పి పంపించారు.”

రాజారత్నం కళ్ళు మెరిశాయి. “కాలు విరిగిన మనిషి... దేవత వేషం... అబ్బ! ఇది స్క్రిప్టులో ఎందుకు లేదమ్మా?”

అటువంటప్పుడు మనిషికి రాయి తీసుకోవాలనిపిస్తుంది. కోమలి పొలిమేర రాయి వైపే చూసింది కూడా. అది పాతేసిన రాయి కాబట్టి రాజారత్నం బతికిపోయాడు.

ఈలోపు ఊళ్ళోంచి కబురొచ్చింది. పాలకేంద్రం దగ్గర అందరూ కూడారు, కోమలిని రమ్మంటున్నారు, సినిమా ఆయన్ని కూడా రమ్మంటున్నారు.

పాలకేంద్రం వసారాలో ఊరంతా ఉంది. సాయంత్రం పాలు పోయడానికి వచ్చిన క్యాన్లు అలాగే వరసలో ఉన్నాయి, ఎవరూ పోయడం లేదు. అక్కమ్మ మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. గంగమ్మ వేషం పెట్టె ఉండేది ఆమె అధీనంలోనే కాబట్టి ఈ విషయంలో ఆమె మాటకు తిరుగులేదు. ఆమె పక్కన ఇంకో కుర్చీలో కోమలి అన్న మునికుమార్, కాలు ముక్కాలిపీట మీద చాపుకుని ఉన్నాడు. మోకాలి నుంచి మడమ దాకా వెదురుబద్దలు, గుడ్డకట్టు. నలుగురు కలిసి అతన్ని కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఎదురుగా చెంగల్రాయుడు నిలబడి ఉన్నాడు, భుజాన పలక, చేతిలో కాగితం.

“కోమలీ, ఈ కాగితం నీదేనా?” అంది అక్కమ్మ. పలకరింపు లేదు, మంచినీళ్ళు తాగుతావా అని లేదు.

“అత్తా, అది...”

“నీకు తెలీనిది కాదు. చాటింపెయ్యమని చెప్పాల్సింది మనిల్లు. మీ తాత చెప్పినాడు, మీ నాయన చెప్పినాడు. మనింటి మాట లేకుండా పలక మోగించకూడదు. చెంగల్రాయుడేమో ఇంటి మాట కాగితంలో వచ్చిండాదని మోగించినాడు. నీ పేరుండాదంట దాంట్లో.”

చెంగల్రాయుడు కాగితం ముందుకు చాపాడు. స్క్రిప్టు పేజీయే. మధ్యలో కోమలి మాటలు కొట్టేసి, కొత్తగా టైపు చేసి అంటించిన అసలు మాటలు. పైన నల్లటి అక్షరాలతో ‘రచన: కోమలి’.

“నేను ముందు వొద్దన్నా పాపా,” అన్నాడు చెంగల్రాయుడు. “ఇదేందప్పా, ఇవి నిజం మాటలు గదా, ఇప్పుడనకూడదే అన్నా. ఆ సారు నీ పేరు సూపించినాడు. మనింటి బిడ్డ రాసిండాదంటే ఇంట్లో అందురూ అనుకొనే రాసుంటారులే, ఈ ఏడు ముందుగా పెట్టుకున్నారేమోలే అనుకుంటి. నీ పేరు సూసినాక ఇంగ అడిగేదేముండాది?”

తాను పోట్లాడి సంపాదించుకున్న పేరు ఆ కాగితం మీద చూసి కోమలి పాలకోవా తిన్న రోజును తిట్టుకుంది.

“నేను రాయలేదత్తా. ఆ మాటలు నావి కాదు. నేను వేరేవి రాస్తే తీసేసి ఇవి అంటించినారు.”

వసారాలో గుసగుసలు లేచాయి. అక్కమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది. ఆమె గొంతులో కోపం పోయి తీర్పు చెప్పే బరువు వచ్చింది.

“అయితే ఇంటి మాట కాదు. చాటింపు చెల్లదు. జాతర ఆడి నెల్లోనే. అది మంచిదే. కానీ ఇంటి మాట లేకుండా పలక మోగించినోడు మళ్ళా దాన్ని పట్టుకోకూడదు. అది మనం పెట్టింది కాదు, ముందునించి ఉండాది. చెంగల్రాయా, పలక దించు.”

 చెంగల్రాయుడు భుజం మీది తోలుపట్టీ విప్పడం మొదలుపెట్టాడు. ముడి రాలేదు. పక్కనున్నవాళ్ళు సాయం చేయబోతే వద్దని తల ఊపాడు. ఆ పట్టీ ఆయన తండ్రిది, అంతకుముందు ఆయన తాతది.

“ఆగు తాతా!” అంది కోమలి. “అత్తా, తాత తప్పేముండాది? ఆయన్ని మోసం చేసినారు. కావాలని చేసినారు.”

“ఎవురు చేసినారు? ఆ చేసినోళ్ళు వొచ్చి, ఈడ నిలబడి, మేమే మోసం చేసి సదివించినామని చెప్పమను. చెబితే చెంగల్రాయుడి మీద తప్పు లేదు, తప్పు వాళ్ళది. పలకకు పసుపునీళ్ళు పోసి మళ్ళా ఆయన చేతికే ఇస్తా. చాటింపూ చెల్లదు, నీ అన్న కాలూ నిలబడతాది. ఒక్క మాట చెప్పమను చాలు.”

కోమలి ప్రాణం లేచొచ్చింది. ఒక్క మాట. ఇంత గొడవా ఒక్క వాక్యంతో తీరిపోతుంది. ఆమె గిర్రున తిరిగింది. రాజారత్నం వసారా స్తంభానికి ఆనుకుని, కెమెరామన్ చెవిలో ఏదో చెబుతున్నాడు.

“సార్, చెప్పండి. మీరే రాయించారని చెప్పండి. మూడు సినిమాలకు మీరు రాయకపోయినా రాశానని వేసుకున్నారు కదా. ఈ ఒక్క పేజీ నిజంగా మీరే రాశారు. వేసుకోండి సార్. మీ పేరు మీరే వేసుకోండి.”

రాజారత్నం ముందుకు వచ్చి అక్కమ్మకు వంగి నమస్కారం పెట్టాడు. నమస్కారం చూసి కోమలికి ఆశ పుట్టింది. తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆ ఆశకు ఆమె సిగ్గుపడింది.

“అమ్మగారూ, నేను దర్శకుణ్ణి. దృశ్యాలు చూస్తాను. అక్షరాల జోలికి పోను. నాకు అంత గొప్ప భాష ఎక్కడిదండీ? మా సినిమాలో ప్రతి మాటా మా రైటర్ గారిదే. అది ఒప్పందంలోనే రాసుకున్నాం. పేజీ నెత్తిన పేరుంది, చూడండి. రచయితకు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలండీ.”

పాతికేళ్ళ సినిమా జీవితంలో రాజారత్నం ఒక రచయితకు పేరు ఇవ్వడం అదే మొదటిసారి.

“సార్!” కోమలి అరిచింది. “ఇప్పుడా? ఇప్పుడిస్తారా?”

ఆయన ఆమె దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. “ఒప్పుకోవమ్మా. నువ్వు వాళ్ళమ్మాయివి, నిన్నేం చేస్తారు? నేనొప్పుకుంటే ఈ సాయంత్రమే షూటింగు ఆపి పంపించేస్తారు. నువ్వు రాశానంటే జాతర జరుగుతుంది, సినిమా అవుతుంది. క్లైమాక్సు నువ్వు రాసినట్టే తీస్తాను. హెలికాప్టర్ తీసేస్తాను. ఒట్టు.”

ఆరు నెలలుగా, పదకొండు ప్రతులుగా ఆమె అడుగుతున్నది అదే. ఎప్పుడిచ్చాడో చూడండి, ఎలా ఇచ్చాడో చూడండి!

ఆమె ఆయన వైపు చూడటం మానేసింది. చెంగల్రాయుడు పట్టీ ముడి విప్పేశాడు. పలకను పసిబిడ్డను దించినట్టు పాలక్యాను మూత మీద దించుతున్నాడు. ఆమె చిన్నప్పుడు ఆ పలక వెనకాలే నాలుగు పొలిమేరలూ తిరిగేది. కాళ్ళు నొప్పి పుడితే ఎత్తుకుని నడిచినవాడాయన. ఈ ఊళ్ళో ఆమె పేరును నమ్మి పని చేసిన ఒకే ఒక్క మనిషికి, ఆ పేరు వల్లే పలక పోతోంది.

అన్న కాలు గుర్తు రాకపోలేదు. అన్నను బండిలో కూర్చోబెట్టి తిప్పొచ్చు, ఇంకేదైనా దారి చూడొచ్చు, అనుకుంది. అనుకోవడం కూడా పూర్తిగా అనుకోలేదు. నోరు ముందే తెరుచుకుంది.

“తాతా, పలక ఎత్తుకో. కాగితం నాదే. మాటలు నావే. చాటింపెయ్యమనింది నేనే.”

 పాలక్యాన్ల మీద ఈగలు వాలుతున్నాయి.

“ఇప్పుడే కాదంటివి,” అంది అక్కమ్మ.

“భయపడి అబద్ధం చెప్పినా. ఇది ఇంటి మాటే అత్తా. నేనూ ఆ ఇంటి బిడ్డనే గదా.”

 ఏది అబద్ధమో అక్కమ్మకు తెలుసు. ఊరందరికీ తెలుసు. అయినా నలుగురిలో పలికిన మాట పలికినట్టే.

“సరే. ఇంటి మాటంటే ఇంటి మాటే. చెంగల్రాయా, పలక నీదే, ఎత్తుకో. ఏడో రోజు జాతర. పొద్దుగూకేలోపు బంగారుపాళ్యంలో ఉండే మగోళ్ళందరికీ ఫోన్లు చెయ్యండి, ట్రాక్టర్లు ఆణ్ణే వొదిలేసి రమ్మనండి. రేప్పొద్దున్నించి వేషం.”

“అత్తా, అన్నని బండి మీద కూర్చోబెట్టి...”

“బండి మీద కూర్చున్న గంగమ్మను యాడన్నా సూసినావా? నడిసి గడప గడపా ఎక్కితేనే గదా వేషం. కట్లూ, బద్దలూ పెట్టుకోని కట్టకూడదు. మీ నాయన జరంతో కాలిపోతా ఏడు దినాలు నడిసినాడు. నీకు తెలీదా?” అక్కమ్మ ముక్కాలిపీట మీది కాలును చూడకుండా మొహం తిప్పుకుంది. “తెలిసే గదా ఒప్పుకుంటివి.”

తెలుసు. తెలిసీ, తెలియనట్టు ఒప్పుకుంది. చెంగల్రాయుడు పలక ఎత్తుకోకుండా అలాగే నిలబడి, మునికుమార్ కాలు వైపు చూస్తున్నాడు. “నాకొద్దు తల్లీ, తీసేసుకోండి,” అన్నాడు మెల్లగా. ఎవరూ వినిపించుకోలేదు.

మునికుమార్ కుర్చీలో ముందుకు జరిగాడు.

“ఎవురన్నా కత్తి తెండబ్బా,” అన్నాడు.

“అన్నా, వొద్దు!”

“గమ్మనుండమ్మీ. నువ్వు ఇంటి మాట అంటివి. ఇంట్లో నేను గూడా ఉండాను గదా.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే కోమలి తట్టుకునేది. ఆమె పరిగెత్తి అన్న చెయ్యి పట్టుకునేలోపే కాయలు కోసే కత్తి ఒకటి చేతులు మారి అతని ఒళ్ళోకి వచ్చింది. అతను మోకాలి కింద గుడ్డ అంచు వెతికి, కత్తి మొన దూర్చి, ఒక్క లాగు లాగాడు. మొదటి వెదురుబద్ద ఊడి నేల మీద పడింది. అతని మొహం బిగుసుకుపోయింది, నుదుటి మీద చెమట పట్టింది, అయినా రెండో చుట్టు కోసం చెయ్యి మళ్ళీ కిందికి పోయింది.

కోమలి వెనకనుంచి రాజారత్నం గొంతు వినిపించింది. చాలా మృదువుగా, చాలా శ్రద్ధగా ఉంది ఆ గొంతు.

“బాబూ, కాలు కొంచెం ఎడమకి తిప్పుతావా? మీ చెల్లెలి నీడ పడుతోంది.”